ట్రెడ్‌మిల్ మీద పరుగుకు బదులు ఏం చేయాలి?

ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తడం కుదరడం లేదని, దాని బదులు నాలుగు గోడల మధ్య చేసుకోగల వ్యాయామం ఏదైనా చెప్పమని ఈ నెల పలువురు పాఠకులు అడిగారు. ఒకరికి ఇచ్చిన జవాబు మరికొందరికీ పనికివచ్చేలా ఉన్న నాలుగు ఉత్తరాలను ఇక్కడ తీసుకుంటున్నాం.

ప్రశ్న: నా వయసు 52 సంవత్సరాలు. రెండేళ్ల కిందట ట్రెడ్‌మిల్ కొనుక్కుని, రోజూ అరగంట సేపు గంటకు 7 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేదాన్ని. కొన్ని నెలలుగా కుడి మోకాలి లోపలి వైపు నొప్పి వస్తోంది. ఎక్స్‌రే తీసి, గుజ్జు కొద్దిగా అరిగిందని, పరుగు మానమని డాక్టరుగారు చెప్పారు. మా ఊరి ఎండల్లో బయట నడవడం ఏడాదిలో చాలా నెలలు కుదరదు. ట్రెడ్‌మిల్ అమ్మేసి ఉన్నచోటే కూర్చుని తొక్కే వ్యాయామ సైకిల్ కొనుక్కోవాలా, నిలబడి తొక్కే ఎలిప్టికల్ యంత్రం కొనుక్కోవాలా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ట్రెడ్‌మిల్‌ను ఇప్పుడే అమ్మకండి. డాక్టరుగారు మానమన్నది పరుగునే కాబట్టి, అదే యంత్రం మీద నడకతో మీకు కావలసిన వ్యాయామంలో చాలా భాగం దొరుకుతుంది.

పరుగులో ప్రతి అడుగుకూ రెండు పాదాలు క్షణకాలం గాలిలో ఉండి, ఆ వెంటనే శరీరం బరువంతా ఒక కాలి మీద పడుతుంది. అలా పడినప్పుడు నేల నుంచి కాలికి తగిలే ఒత్తిడి శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల దాకా ఉంటుంది. నడకలో ఏదో ఒక పాదం ఎప్పుడూ కింద ఆనే ఉంటుంది కనుక ఆ ఒత్తిడి శరీర బరువును కాస్త మాత్రమే మించుతుంది. కీళ్లకు అదురు తగ్గించే వ్యాయామాలన్నిటిలోనూ కనీసం ఒక పాదం నేలనో, మెట్టునో, పెడల్‌నో వదలకుండా ఉండడమే ముఖ్యం. గుండె, ఊపిరితిత్తుల సంగతికొస్తే, తొడలు, పిరుదుల వంటి పెద్ద కండరాలు ఎడతెగకుండా పనిచేస్తూ ఆక్సిజన్‌ను ఎక్కువగా అడుగుతున్నంతసేపూ వాటికి వ్యాయామం అందుతూనే ఉంటుంది; ఆ కండరాలు పరుగెత్తుతున్నాయా, ఎత్తు ఎక్కుతున్నాయా, పెడల్ తొక్కుతున్నాయా అన్నదానితో గుండెకు పెద్దగా నిమిత్తం లేదు.

మీ ఉత్తరంలో, పరుగెత్తి మోకాలు పాడుచేసుకున్నానేమోనన్న బాధ కనిపిస్తోంది. అలా అనుకోనక్కర లేదు. ఆరోగ్యం కోసం మితంగా పరుగెత్తేవారిలో మోకాళ్ల అరుగుదల, అసలు వ్యాయామమే చేయనివారికంటే ఎక్కువగా ఏమీ కనిపించలేదని పరిశోధనలు చెబుతున్నాయి. వయసు, బరువు, పాత దెబ్బలు, వంశపారంపర్యం, తొడ కండరాల బలహీనత వంటివన్నీ కలిసి ఈ అరుగుదలను తెస్తాయి. అయితే ఇప్పటికే నొప్పి పుట్టిన కీలుకు అదురు తగ్గించడం న్యాయమే కాబట్టి డాక్టరుగారి మాట పాటించండి.

నడకతో పరుగంత శ్రమ ఎలా వస్తుందన్నదానికి లెక్క ఉంది. వ్యాయామంలో శరీరం వాడుకునే ఆక్సిజన్‌ను అంచనా వేయడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చిన సూత్రాల ప్రకారం, గంటకు 7 కిలోమీటర్ల వేగంతో సమతలం మీద పరుగెత్తే మనిషి కిలో బరువుకు నిమిషానికి దాదాపు 27 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటారు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో సమతలం మీద నడిస్తే అది 12 మిల్లీలీటర్లే. కానీ అదే 5 కిలోమీటర్ల నడకను 10 శాతం ఇన్‌క్లైన్‌లో, అంటే వంద మీటర్ల నడకకు పది మీటర్ల ఎత్తు ఎక్కేలా చేస్తే, ఖర్చు మళ్లీ 27 మిల్లీలీటర్లకు చేరుతుంది. మీరు ఇన్నాళ్లూ పరుగుతో గుండెకు ఇచ్చిన పని మొత్తం, రెండు పాదాలూ ఒకేసారి గాలిలోకి లేవకుండానే, ఈ ఎత్తు నడకలో దొరుకుతుందన్నమాట.

అయితే మొదటి రోజే 10 శాతం పెట్టకండి. 2 శాతంతో మొదలుపెట్టి, వారానికి ఒక శాతం చొప్పున పెంచుతూ, మోకాలు ఏమంటోందో చూసుకోండి. చిప్ప వెనుక భాగంలో నొప్పి పుట్టినా, పిక్కలు గానీ మడమ వెనుక స్నాయువు గానీ పట్టేసినా ఒక మెట్టు కిందికి దిగండి. ముందున్న కడ్డీని పట్టుకుని వేలాడుతూ నడిస్తే శరీర బరువులో కొంత చేతులు మోసేస్తాయి. అప్పుడు తెర మీద 10 శాతం కనిపించినా కాళ్లకు, గుండెకు అంత పని అందదు. పట్టుకోకుండా నడవలేకపోతున్నారంటే ఆ ఎత్తు మీకు ఇంకా ఎక్కువని అర్థం. మరో సంగతి: ఇళ్లలో వాడే ట్రెడ్‌మిల్‌లు కొన్నింటిలో ఎత్తును చేత్తోనే మార్చాలి, అదీ మూడు స్థాయిలకు మించి ఉండదు. అక్కడ రాసిన 1, 2, 3 అంకెలు శాతాలు కావు కనుక కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో అసలు విలువలు చూసుకోండి.

ఇక సైకిల్. డబ్బు పెట్టగలిగితే ట్రెడ్‌మిల్‌కు తోడుగా కొనుక్కోవలసినది ఇదే. శరీరం బరువును సీటు మోస్తుంది కాబట్టి మోకాలికి అదురు దాదాపు ఉండదు, పైగా తొడ ముందరి కండరాలు గట్టిపడతాయి. అరుగుదల ఉన్న మోకాలికి ఆ కండరాలే ఊతం. అయినా సైకిల్ తొక్కి మోకాళ్ల నొప్పులు తెచ్చుకునేవారు ఉన్నారు, చాలాసార్లు దానికి కారణం సీటు ఎత్తే. సీటు తక్కువగా ఉంటే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుని, చిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. సరిచూసుకునే పద్ధతి తేలికైనదే. సీటు మీద కూర్చుని, ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమను ఆనించండి. ఆ స్థితిలో కాలు తిన్నగా చాచుకోవాలి, నడుము ఒక పక్కకు ఒరగకూడదు. తరువాత మడమ తీసి పాదం ముందు భాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీల మేర మడతపడుతుంది. అదే మీ ఎత్తు. సీటు గొట్టం మీద అక్కడ ఒక రంగు టేపు చుట్టి ఉంచితే, ఇంట్లో మరొకరు తొక్కి మార్చినా మళ్లీ వెతుక్కోనక్కర లేదు.

బిగింపు ఎక్కువగా పెట్టి బలవంతంగా తొక్కడం కంటే, తక్కువ బిగింపుతో నిమిషానికి 70 నుంచి 80 చుట్లు తొక్కడం మోకాలికి మంచిది. ఇళ్లలో బాగా వాడుకలోకి వచ్చిన ఎయిర్‌బైక్‌లో చేతి కడ్డీలు కూడా ముందుకూ వెనక్కూ కదులుతాయి కనుక, కాలి మీద భారం తగ్గించి చేతులతో కొంత పని పంచుకోవచ్చు. వీటిలో కొన్నింటికి సీటు పైకీ కిందికీ తప్ప ముందుకు వెనక్కు జరగదు. మీరు పొట్టిగానో బాగా పొడుగ్గానో ఉంటే ఎక్కి కూర్చుని చూడకుండా ఆన్‌లైన్‌లో కొనకండి.

ఎలిప్టికల్ మంచి యంత్రమే. పాదాలు పెడల్‌ను వదలవు, నిలబడి చేసే వ్యాయామం కాబట్టి పరుగు అలవాటున్నవారికి హాయిగా ఉంటుంది. అయితే తక్కువ ధరకు వచ్చే వాటిలో అడుగు పొడవు మరీ చిన్నదిగా ఉండి, నడకలా కాక మెట్లు తొక్కుతున్నట్టు అవుతుంది. అప్పుడు భారం మళ్లీ మోకాలి మీదికే వస్తుంది. మంచి ఎలిప్టికల్ దగ్గరలోని జిమ్‌లో ఉంటే అక్కడ వాడుకోండి, ఇంటికి మాత్రం సైకిలే నా సలహా.

పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం గానీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీరు వారంలో మూడు రోజులు ఎత్తు నడక, రెండు రోజులు సైకిల్, ఒక్కో రోజు 30 నుంచి 40 నిమిషాలు పెట్టుకోండి. వ్యాయామం చేస్తుండగా కాస్త నొప్పి ఉన్నా భయపడనక్కర లేదు కానీ, అది మరునాటి ఉదయానికి మామూలు స్థితికి రావాలి. రాకపోతే, లేదా మోకాలు వాచితే, ముందురోజు చేసినది ఎక్కువైనట్టే.

మీ వయసును బట్టి మరొక మాట తప్పకుండా చెప్పాలి. అదురు లేని వ్యాయామం కీలుకు మేలు చేస్తుంది గానీ, ఎముక గట్టిపడటానికి దానిమీద కొంత భారం పడాలి. బహిష్టులు ఆగిన తరువాత స్త్రీలలో ఎముకల సాంద్రత త్వరగా తగ్గుతుంది. సైకిల్ ఒక్కటే తొక్కుతూ కూర్చుంటే ఆ లోటు తీరదు. అందుకే వారానికి రెండు రోజులైనా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు పైకి లేపడం, చిన్న డంబెల్స్ ఎత్తడం వంటి బలం పెంచే వ్యాయామాలు చేయండి. ఇవి మోకాలికీ మేలు చేస్తాయి.

ప్రశ్న: నా వయసు 29. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద పరుగు పెంచుతూ పోయేసరికి మోకాలి కింద కాలి ముందు ఎముక పొడుగునా నొప్పి మొదలైంది. ఇంట్లో తాడాట, జంపింగ్ జాక్స్ మొదలుపెడితే కింది ఫ్లాట్‌వారు ఫిర్యాదు చేశారు. యంత్రాలేవీ కొనలేను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ ఎముకను వేలితో నొక్కి చూసుకోండి. నొప్పి జానెడు పొడవునా పరుచుకున్నట్టు ఉండి, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంటే, అది పరుగు వేగంగా పెంచడం వల్ల వచ్చినదై ఉండవచ్చు. కొన్ని వారాలు అదురు మానితే సాధారణంగా తగ్గుతుంది. ఒకే చోట, వేలిమొన పట్టేంత స్థలంలో పదునుగా నొప్పి ఉన్నా, రాత్రిపూట విశ్రాంతిలోనూ నొప్పి ఉన్నా, ఎముకలో సన్నని పగులు ఉందేమో చూడాలి కనుక ఎముకల డాక్టరును కలవండి. తాడాటలో కూడా రెండు పాదాలూ నేల వదిలి మళ్లీ పడతాయి. కింది ఇంటివారు ఫిర్యాదు చేయకపోయినా మీ కాలికి అది ఇప్పుడు తగదు.

గెంతే వ్యాయామాలన్నిటికీ గెంతని రూపం ఉంది. జంపింగ్ జాక్‌లో రెండు కాళ్లూ ఒకేసారి విసరకుండా, ఒక్కో కాలిని పక్కకు చాచి వెనక్కు తెస్తూ చేతులు మాత్రం పూర్తిగా తల మీదికి లేపండి. ఉన్నచోటే మోకాళ్లను నడుము ఎత్తుకు లేపుతూ కవాతు చేయండి. చేతులు భుజాల కంటే పైకి వెళ్లినకొద్దీ, మోకాలు ఎత్తుకు లేచినకొద్దీ గుండె వేగం పెరుగుతుంది. ఎదురుగా ఎవరో ఉన్నట్టు ఊహించుకుని గాలిలో పిడిగుద్దులు విసరడం నిజంగా చెమట పట్టించే వ్యాయామం. గుద్దే చేతితో పాటు నడుమూ తిరగాలి, మోచేయి చివర్లో పూర్తిగా బిగుసుకుపోకూడదు.

వీటికి తోడు కదలని గట్టి పీట ఒకటి చాలు. 15 సెంటీమీటర్ల ఎత్తు మించనక్కర లేదు. పాదం మొత్తం పీట మీద ఆనేలా, మడమ గాలిలో వేలాడకుండా ఎక్కండి. దిగేటప్పుడు దభీమని పడకుండా మెల్లగా దిగండి. ఒక నిమిషం కుడికాలు ముందు, తరువాతి నిమిషం ఎడమకాలు ముందు. టైల్స్ మీద పీట జారుతుంది కనుక కింద రబ్బరు చాప పరవండి, బూట్లు వేసుకోండి.

మూడు నిమిషాలు మామూలు వేగంతో, రెండు నిమిషాలు బాగా వేగంగా, ఇలా ఆరుసార్లు చేస్తే అరగంట అవుతుంది. వేగంగా చేసే రెండు నిమిషాల్లో మూడు నాలుగు మాటలకు మించి ఒక్క ఊపిరిలో పలకలేకపోతే అది తీవ్ర వ్యాయామమే. మీ వయసుకు అది అవసరం. మెల్లగా ఊగుతూ గంట గడిపినా పరుగుతో వచ్చిన దమ్ము నిలవదు.

ప్రశ్న: మా జిమ్‌లో పడవ తెడ్డు వేసినట్టు కూర్చుని కడ్డీ లాగే రోయింగ్ మెషీన్ పెట్టారు. పరుగుకంటే మంచిదని చేస్తుంటే నాకు నడుము పట్టేస్తోంది. మీట 10లో పెట్టి చేస్తున్నాను. మానేయమంటారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మానకండి, మీటను దించండి. గాలి చక్రం ఉన్న రోయింగ్ మెషీన్‌లో 1 నుంచి 10 దాకా ఉండే ఆ మీట, చక్రంలోకి ఎంత గాలి పోవాలో నిర్ణయిస్తుందే గానీ మీ వ్యాయామ తీవ్రతను నిర్ణయించదు. ఎంత బలంగా, ఎంత వేగంగా లాగుతారన్నదే తీవ్రత. 10లో పెడితే బరువెక్కిన పడవను లాగుతున్నట్టే ఉంటుంది. ప్రతి లాగుకూ నడుము మీద భారం పెరుగుతుంది. 3కూ 5కూ మధ్య ఉంచండి.

అసలు లోపం లాగే వరుసలో ఉండి ఉండవచ్చు. చాలామంది ముందు చేతులతో, వీపుతో లాగేసి, ఆ తరువాత కాళ్లు చాపుతారు. ముందు కాళ్లతో తన్నాలి; కాళ్లు దాదాపు చాచుకున్నాక నడుమును తుంటి దగ్గర నుంచి కొద్దిగా వెనక్కు వాల్చాలి; చివరగా చేతులతో కడ్డీని పక్కటెముకల కిందికి తెచ్చుకోవాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఇదే వరుస తలకిందులవుతుంది: ముందు చేతులు చాపి, తరువాత నడుము వంచి, కడ్డీ మోకాళ్లు దాటాకే మోకాళ్లు ముడవాలి. లాగడానికి పట్టిన సమయానికి రెట్టింపు సమయం తిరిగి వెళ్లడానికి తీసుకోండి. నిమిషానికి 20 నుంచి 24 లాగులు చాలు, అద్దంలో పక్కనుంచి చూసుకుంటే వీపు గూనిలా వంగుతోందో లేదో తెలుస్తుంది. మొదటి రెండు వారాలు పది నిమిషాలకు మించి చేయకండి. నొప్పి తుంటి నుంచి కాలిలోకి దిగుతున్నా, కాలికి తిమ్మిరి పడుతున్నా ఈ యంత్రం వదిలి వైద్యుణ్ని చూడండి.

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్లు. ఊళ్లో రోజూ ఉదయం నడిచేవారు. మా దగ్గరికి వచ్చాక మంచు వల్ల బయటికి వెళ్లలేకపోతున్నారు. షుగర్‌కు గ్లిమెపిరైడ్, బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నారు. అరికాళ్లలో కొంచెం తిమ్మిర్లు ఉన్నాయి. ట్రెడ్‌మిల్ అంటే భయపడుతున్నారు. ఇంట్లోనే గబగబా నడిపిస్తే వాచీలో గుండె వేగం 85 దాటడం లేదు. వ్యాయామం సరిపోవడం లేదా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఆ 85ను చూసి ఆయన్ను ఇంకా వేగంగా నడిపించకండి. 220లోంచి వయసు తీసేసి, అందులో 64 నుంచి 76 శాతం మధ్య ఉండాలన్న మామూలు లెక్క ప్రకారం ఆయనకు 97 నుంచి 116 రావాలి. కానీ మెటోప్రొలాల్ వంటి మందులు గుండె వేగాన్ని పెరగనివ్వకుండా పట్టి ఉంచుతాయి, కాబట్టి ఈ లెక్క ఆయనకు వర్తించదు. నడుస్తూ మీతో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. అదే ఆయనకు సరైన కొలత.

అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నవారికి, ట్రెడ్‌మిల్ భయపెట్టే వారికి, వెన్ను ఆనించుకుని కూర్చుని తొక్కే రికంబెంట్ సైకిల్ అన్నిటికంటే నప్పుతుంది. పడిపోతామన్న బెదురు ఉండదు, పాదాల మీద బరువు పడదు. మీ అపార్ట్‌మెంట్ జిమ్‌లోనో, దగ్గరలోని కమ్యూనిటీ సెంటర్‌లోనో ఉంటే తీసుకువెళ్లండి. మొదట రోజుకు పది నిమిషాలు రెండుసార్లు, అదీ భోజనం చేసిన కాసేపటికి చేయిస్తే తిన్న తరువాత పెరిగే షుగర్ కూడా అదుపులోకి వస్తుంది. సైకిల్ దొరకకపోతే గట్టి కుర్చీలో కూర్చుని మోకాళ్లు ఒక్కొక్కటిగా లేపుతూ చేతులు ఊపే కవాతు చేయించండి. బేస్‌మెంట్ మెట్లు ఎక్కి దిగడం మాత్రం వద్దు. తిమ్మిరి ఉన్న పాదానికి మెట్టు అంచు తెలియదు. సైకిల్ అయినా సాక్సు, బూట్లు తప్పనిసరి, వ్యాయామం అయ్యాక మీరో మీ వారో ఆయన అరికాళ్లను చూడండి, ఎందుకంటే బొబ్బ లేచినా ఆయనకు నొప్పి తెలియకపోవచ్చు. కొత్త వ్యాయామం మొదలుపెట్టే ముందు ఇండియాలోని ఆయన డాక్టరుతో ఒకసారి మాట్లాడి, గుండె, కంటి పరీక్షలు ఈ మధ్య అయ్యాయో లేదో కనుక్కోండి.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసినది షుగర్ పడిపోవడం గురించి. గ్లిమెపిరైడ్ వాడేవారికి వ్యాయామం వల్ల షుగర్ బాగా తగ్గవచ్చు. తొక్కే ముందు గ్లూకోమీటరులో 90 కంటే తక్కువ ఉంటే రెండు బిస్కెట్లో, ఒక పండో తినిపించి, షుగర్ పెరిగాకే మొదలుపెట్టించండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ చూడండి. మామూలుగా షుగర్ తగ్గితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఆయన వాడుతున్న బీపీ మందు ఆ రెండు సూచనలనూ కప్పివేయగలదు. చెమటలు మాత్రం పడతాయి. చలికాలంలో, తేలికగా తొక్కుతున్నప్పుడు ఒళ్లంతా చల్లని చెమట పట్టినా, మాట తడబడినా, వ్యాయామం వల్ల అలసిపోయారనుకోకుండా వెంటనే ఆపి వేలికి సూది గుచ్చి చూడండి.